బేరంలో పోయిన మూడు

కాల్క్యులస్ ట్యూషన్‌ని కూడా గీసి గీసి బేరమాడిన మొనగాణ్ణి కెనడాలో ఈ ఓక్‌విల్ ఊరు మొత్తంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. కిరాణా కొట్లో పెరిగిన ఒళ్ళు. చెప్పిన ధరకు కొంటే ఆ పూట నాకు అన్నం సహించదు.

మా అమ్మాయి పన్నెండో గ్రేడ్. ఇంజనీరింగ్ సీటు రావాలంటే కాల్క్యులస్‌లో మంచి మార్కులు కావాలి. మా వీధి చివరుండే రిటైర్డ్ లెక్చరర్ గారు ఎనిమిది క్లాసులు పడతాయన్నారు. ఏమేం చెబుతారో ఒక్కొక్కటే అడిగి, చెయిన్ రూల్ దగ్గర పట్టుకున్నాను.

"అది తీసేయండి మాస్టారూ. ఇంటర్లో నేను చదివిందే, ఇంట్లో చెప్పుకుంటాను. రెండు క్లాసులు తగ్గించండి."

"తర్వాతవన్నీ దాని మీదే నడుస్తాయి బాబూ."

"మీరు నడిపిస్తారు లెండి."

ఆయన నవ్వి సరేనన్నారు. గెలిచాననుకున్నాను.

కారు ప్లాంట్‌లో షిఫ్ట్ దిగి, లాగుతున్న కాళ్ళను కుర్చీ మీదికి చాపి పాఠం మొదలుపెట్టాను. బ్రాకెట్లో మూడు ఎక్స్ ప్లస్ ఒకటి, మొత్తానికి ఐదో ఘాతం. దాని డెరివేటివ్ కట్టాలి.

"ఐదు ముందుకొస్తుంది, ఘాతం నాలుగవుతుంది. అంతే."

"దట్స్ ఇట్? వాట్ అబౌట్ ది ఇన్‌సైడ్, డాడ్?"

"లోపలిది లోపలే ఉంటుందమ్మా. దాని జోలి మనకెందుకు?"

కళ్ళు మూతలు పడుతున్నాయి. పుస్తకం తెరిచి చూసుకునే ఓపిక కూడా లేకపోయింది.

టెస్టు పేపరు వచ్చింది. అలాంటి లెక్క ఉన్న ప్రతిచోటా ఎర్ర ఇంకు. మా అమ్మాయి కోప్పడలేదు. "యు సౌండెడ్ సో షూర్," అని పేపరు నా ముందు పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన పేపరు చూసి, నన్ను చూశారు.

"పల్లీల ధర రూపాయి పెరిగితే మీ కొట్లో నూనె ఎంత పెంచేవాళ్ళు?"

"రెండున్నర."

"పల్లీలు రోజుకి మూడు రూపాయల చొప్పున పెరుగుతుంటే?"

"నూనె రోజుకి ఏడున్నర."

"గుణించావుగా! ఇక్కడా అంతే. బయటిదాని రేటుని లోపలిదాని రేటుతో గుణించాలి. లోపల మూడు ఎక్స్ ఉంది కదా, ఆ మూడేదయ్యా?"

చెయిన్ రూల్ కూడా మీరే చెప్పండన్నాను. ఫీజెంతని కూడా అడగలేదు.

ఇక అసలు బిల్లు. తగ్గించుకున్నది రెండు క్లాసులు. మళ్ళీ చెప్పిన ధరకే కొన్నవి నాలుగు. ఆ టెస్టు మార్కులు తిరిగి రావు. ఆఖరి పరీక్ష బాగా రాస్తే సీటు రావచ్చు, రాకపోవచ్చు. ఇప్పుడు నేనేం చెప్పినా మా అమ్మాయి ఒకసారి సరిచూసుకుంటోంది. మంచి అలవాటేనంటారు మాస్టారు. నేను మాత్రం దాన్ని నష్టంలోనే వేసుకున్నాను.