ఫ్రెంచి నదిని తువ్వాలుతో తుడిచిన వైనం

నా వల్ల ఫ్రాన్సుకూ మనకూ యుద్ధం రావలసింది. రాలేదంటే అది మా వైపు కోసిగి అనే ఊరి పిల్ల పుణ్యం. చెబుతాను, నవ్వుకోండి గానీ మా ఆవిడ దాకా పోనివ్వకండి. ఆమెకింకా సగమే తెలుసు.

పదేళ్ల కిందటి మాట. డోన్‌లో మాది పటాలు కట్టే కొట్టు. లారీల పుణ్యమా అని మా ఊళ్లో దుమ్ము మనుషులకంటే ముందే నిద్ర లేస్తుంది. అందుకని ఏ పటం కనబడినా అద్దం మీద ‘హా’ అని ఊది, భుజం మీది తువ్వాలుతో తుడవందే నా చెయ్యి ఊరుకోదు.

అద్దాలు కొనడానికి హైదరాబాదు పోయి, ఎండకు తాళలేక ఒక మ్యూజియంలో దూరాను. ఫ్రాన్సు నుంచి ఇంప్రెషనిస్టులనే చిత్రకారుల బొమ్మలు వచ్చాయట. చూపించే గైడు పాతికేళ్ల అమ్మాయి, వెనక ఇరవైమందిమి. బొమ్మల్ని దూరంనుంచే చూడాలనీ, ముట్టుకోరాదనీ గుమ్మంలోనే చెప్పింది. చేరి వారమే అయిందనీ, ఏదైనా జరిగితే ముందు పోయేది తన ఉద్యోగమేననీ నవ్వుతూనే అంది. అందరికంటే గట్టిగా తలూపినవాణ్ని నేనే.

మూడో గదిలో ఒక నది బొమ్మ. ముక్కు ఆనేంత దగ్గరికి పోయాను. నదీ లేదు, పడవా లేదు, అంతా మసక. పాపం, తుడిచే దిక్కు లేదు కాబోలు అనుకున్నాను. ఆపైన జరిగినదానితో నా బుర్రకు సంబంధం లేదు. ఊదాను, తుడిచాను. మా జంక్షన్లో రైళ్లన్నీ ఒకేసారి కూత పెట్టినట్టు గంట మోగింది.

అంతదాకా పుస్తకాల తెలుగు మాట్లాడిన అమ్మాయి గొంతులోంచి కోసిగి యాస బయటపడింది.

“ఏమప్పా, ఏం చేస్తాండావు?”

“తుడుస్తాండానమ్మా. శానా దుమ్ముండాది.”

“అది దుమ్ము కాదప్పా, పొద్దుటి మంచు. గీసిన ఆయప్పే అట్ల గీసినాడు. నా పని పాయె.”

పరుగున వచ్చిన పైఅధికారి ఆమెనే నిలదీశాడు. ఆమె నావైపు వేలు చూపలేదు. కనిపెట్టి ఉండకపోవడం తన తప్పేనంది. ఫ్రెంచి సైన్యం చుట్టుముట్టినా నాకంత సిగ్గు వేసేది కాదు. ముందుకు దూకాను.

“ఆ పాప చెప్పనే చెప్పింది సార్. చెవులు విన్నాయి, చెయ్యే వినలేదు. పట్టుకపోతే నన్ను పట్టుకపోండి” అని సాక్ష్యంగా తువ్వాలు చాచాను.

ఆయన తువ్వాలు చూశాడు. దాని మీద నిజంగానే ఒక బస్తాకు సరిపడా దుమ్ము. బొమ్మ ముందున్న అద్దం నేను తుడిచిన మేర మాత్రమే తళతళలాడుతోంది. ఆ అద్దాలు తుడిపించే పూచీ ఎవరిదో ఆయన ముఖమే చెప్పేసింది. తువ్వాలు గబగబా మడిచి నా చంకలో కుక్కి, ఇక్కడేమీ జరగలేదని ప్రకటించాడు.

ఆ అమ్మాయి ఊపిరి పీల్చుకుని, నన్ను పది అడుగులు వెనక్కి నడిపించింది. “ఇప్పుడు చూడన్నా” అంది. మంచులోంచి పడవ వచ్చింది, దాని వెనకే నది. అన్ని నీళ్లు మా రెండు ఊళ్లూ కలిసినా చూసి ఉండవు. నాకు బొమ్మ చూడడం నేర్పింది ఆమే. ఇప్పటికీ తలచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది.

బయటికి వస్తుంటే అధికారి మెల్లగా పక్కకు పిలిచాడు. “మళ్లెప్పుడొస్తరు? ఇంకా ఆరు గదులున్నయి.”

పెద్దమనిషి మాట తీసేసినందుకు క్షమించాలి. ఇక ఈ జన్మలో, ఎవరెంత బతిమాలినా, ఫ్రెంచి దేశపు ఏ నదినీ తుడవనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను.