ఓబుళేసు తిట్టని సీలింగు లేదు

పైకప్పును తిట్టందే ఓబుళేసుకు పని మొదలు కాదు. గుంతకల్లులో ఫాల్స్ సీలింగులు వేసే ఈ పెద్దమనిషి ఎవరింట్లో అడుగుపెట్టినా మెడ వెనక్కి వాల్చి పైకి చూస్తాడు, మూతి ముడుస్తాడు, ఇక అందుకుంటాడు. ఒక టీచరమ్మ ఇంట్లో "ఇది స్లాబా, బోర్లించిన దోసె పెనమా?" అన్నాడు. ఇంకొకరి గృహప్రవేశంలో "దీన్ని వేసినోని ఇల్లు చూపీండప్పా, చెప్పుతో కొట్టొస్తా" అని లేచాడు. వేసింది నువ్వేనయ్యా అని గుర్తుచేస్తే, "అయితే అప్పుడు నాకు జొరం" అన్నాడు.

అలాంటివాణ్ని భర్త వేణుగోపాల్ ఇంటికి తెస్తున్నాడనగానే సరళకు భయం పట్టుకుంది. భయమల్లా మామగారు సుంకప్ప గురించే. హాల్లో సీలింగు ఆయన సొంత చేతిపని. రైల్వేలో పనిచేసే రోజుల్లో సెలవు పెట్టి, నిచ్చెనెక్కి, సిమెంటు విసిరి విసిరి కప్పంతా బుడిపెలు తేల్చాడు. కింద బక్కెట్ పట్టుకున్నది అత్తగారు తిరుపాలమ్మ. ఆమె పోయాక ఆయన మంచం ఆ బుడిపెల కిందికే చేరింది. ఇప్పుడు కొడుకు వాటిని గీకించేసి బోర్డులు బిగిస్తానంటున్నాడు. కప్పు నున్నగా లేకపోతే ఈ కాలపు మనుషులకు నిద్ర పట్టదు కాబోలు! ఆ మాట విన్నప్పటి నుంచి ముసలాయన సరిగ్గా అన్నం తినడం లేదు.

ఓబుళేసు వచ్చాడు, మెడ వాల్చాడు. సరళ కళ్లు మూసుకుంది.

"ఏమప్పా ఇది? సీలింగుకు అమ్మవారు పోసినట్టుండాదే!"

"నేనే చేసినా," అన్నాడు సుంకప్ప మంచం మీంచి.

"చేతులతోనా, కాళ్లతోనా?"

సరళకు ఒళ్లు మండింది. వేణుగోపాల్ మాత్రం సంబరపడ్డాడు. "అందుకే గీకేయమంటాండానన్నా."

"గీకేదా? దీన్నా?" ఓబుళేసు ఈసడించుకున్నాడు. "దీనికి నా చెయ్యి గూడా తగలనీను. గీకితే దుమ్మంతా నా ముక్కులోకే పోతాది. కింద ఇనుప చానళ్లు బిగించి బోర్డుతో కప్పేస్తా. ఆ దరిద్రం ఆడనే ఉండనీ."

పని జరిగినన్ని రోజులూ తిట్లు ఆగలేదు. చివరికి మంచానికి సరిగ్గా పైన ఒక చదరం ఖాళీగా వదిలేసి, దాని అంచులు ముచ్చటగా తీర్చి, నిచ్చెన దిగాడు. ఆ చదరంలోంచి పాత బుడిపెలు కనిపిస్తున్నాయి.

"అదేందన్నా బొక్క?" అన్నాడు వేణుగోపాల్.

"బోర్డు చాల్లేదు. అయినా ఇప్పుడిదే ఫ్యాషను. తెలీకపోతే గమ్మునుండు."

ఫ్యాషను అనగానే వేణుగోపాల్ ఒప్పేసుకున్నాడు. పైగా ఫొటో తీసుకున్నాడు.

ఓబుళేసు సామాను సర్దుకుంటుంటే సరళ గేటు దాకా వెళ్లింది. ఆటోలో పెచ్చు కూడా ఊడని కొత్త బోర్డులు నిలబెట్టి ఉన్నాయి.

"చాల్లేదంటివే అన్నా?"

ఓబుళేసు దొరికిపోయిన దొంగలా బుర్ర గోక్కున్నాడు. "ఇంట్లో చెప్పొద్దమ్మా. గీకుతారేమో, కప్పేస్తారేమోనని పెద్దాయన బిక్కుబిక్కుమంటా ఉంటే, నాకు యాడ చెయ్యాడుతాది?"

లోపలి నుంచి సుంకప్ప గొంతు వినిపించింది. "సరళమ్మా, ఆకలైతాండాది. సంగటి ఉంటే పెట్టు."

సరళకు ప్రాణం లేచొచ్చింది. ఓబుళేసు మాత్రం ఆటో స్టార్ట్ చేస్తూ మూతి ముడిచాడు. "ఆ బుడిపెలు చూసుకుంటా ముద్ద ఎట్ల దిగుతాదో ఆయప్పకు!"

సరళ నవ్వుకుంటూ సంగటి వడ్డించడానికి లోపలికి పరిగెత్తింది.