మా బంటుకు రక్తపు పోటు కొలిచిన రోజులు

మా కుక్క బంటు మంచం కోడుకు తల కొట్టుకున్న పొద్దున నాకు మొదట నవ్వు వచ్చింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. నేను నీళ్ళబిందెతో బావి దగ్గర నుంచి వస్తున్నాను. వాడు ఎప్పటిలాగే నా వెనక వస్తున్నాడు. వాకిట్లో నులకమంచం అడ్డంగా ఉంటే నేను పక్కకు తప్పుకున్నాను. వాడు తప్పుకోలేదు. కోడుకు కొట్టుకుని, కాసేపు నిలబడి, మళ్ళీ అదే కోడుకు కొట్టుకున్నాడు. బిందె దించి వాడి మొహం పట్టుకుని చూశాను. అంత ఎండలోనూ కనుపాపలు నల్లగా, పెద్దగా తెరుచుకుని ఉన్నాయి. నా చెయ్యి కళ్ళ ముందు ఆడించినా రెప్ప పడలేదు.

మాది మార్కాపురానికి ఆరు మైళ్ళ దూరంలో ఒక పల్లె. నాయన మిషన్ బడిలో పంతులు. అమ్మ చనిపోయిన ఏడాది నాయన బంటును బుట్టలో పెట్టుకుని తెచ్చారు. అప్పుడు నాకు పది, ఇప్పుడు పంతొమ్మిది. నేను మనుషులతో తక్కువ మాట్లాడతాను. చెప్పుకోవలసినవి డైరీలో రాసుకుంటాను, లేకపోతే బంటుకు చెబుతాను.

సాయంత్రానికి సంగతి పల్లె అంతా తెలిసింది. పక్కింటి సుందరమ్మ అత్త గోడ అవతలి నుంచే అడిగింది. "ఏందే పిల్లా, మీ కుక్క గోడలకు కొట్టుకుంటాంది? పిచ్చి లేసిందా ఏంది?"

"కళ్ళు కనపడట్లేదు అత్తా."

"నిన్న కనపడి ఇయాళ కనపడకుండా పోతాదా? పోయినేడు పిచ్చికుక్క కరిసి ఒక మనిషి ఎట్ల సచ్చినాడో నువ్వు సూళ్ళా? మీ నాయనతో చెప్పి తొందరగా ఏదో ఒకటి చేయించు తల్లీ. నా మనవళ్ళు వాకిట్లోనే ఆడుకుంటారు."

మునసబు కూడా మనిషిని పంపాడు. పశువుల డాక్టరు చేత పిచ్చి కాదని చీటీ రాయించుకు రావాలి, లేకపోతే కర్రలతో నలుగురిని పంపిస్తానని. ఆ రాత్రి డైరీలో వాడు తాగిన నీళ్ళ లెక్క తప్ప ఒక్క మాట కూడా రాయలేకపోయాను.

మర్నాడు బండి కట్టించుకుని మార్కాపురం వెళ్ళాం. డాక్టరు గారు నడివయసు మనిషి. దూరంగా నిలబడే అడిగారు. "నీళ్ళు తాగుతున్నాడా?"

డైరీ తెరిచి చూపించాను. ఆ నెలంతా వాడు రోజుకు ఎన్ని ముంతలు తాగాడో రాసి పెట్టాను. దాహం ఎక్కువైందని ఎందుకో రాసుకున్నానే తప్ప అది జబ్బని తోచలేదు.

"నిన్న ఏడు ముంతలా?" అంటూ ఆయన దగ్గరికి వచ్చారు. "పిచ్చికుక్క ఒక్క గుక్క మింగలేదమ్మా. ఇది పిచ్చి కాదు." ఆ చీటీ అక్కడికక్కడే రాసి ఇచ్చారు. తర్వాత కళ్ళలో టార్చి వేసి చాలాసేపు చూశారు. యూరిన్ పట్టి గాజు గొట్టంలో కాచారు. తెల్లగా విరిగింది.

"మూత్రంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పోతోంది. కిడ్నీలు దెబ్బతిన్నాయి. కంటి వెనక రెటీనా అని ఒక పొర ఉంటుంది, అది ఊడినట్టుంది. మనిషికి ఇట్లా అయితే బ్లడ్ ప్రెషర్ చూస్తారు. కుక్కలకు ఎవరూ చూడరు. మద్రాసులో చదివేటప్పుడు ఒక్కసారి చూశాను, అదీ మత్తు ఇచ్చి." గాజు గొట్టం పక్కన పెట్టి మళ్ళీ అన్నారు. "మనుషుల ఆసుపత్రి నుంచి మెషీను అడిగి తెప్పిస్తా. శనివారం రండి." బంటు తొడ లోపలివైపు నాడి ఎక్కడ తగులుతుందో నా వేలు పెట్టించి చూపించారు. రోజూ లెక్కపెట్టి రాయమన్నారు.

చీటీ తెచ్చినా సుందరమ్మ అత్త నమ్మలేదు. "మనుషులకే ప్రెషరు సూసే దిక్కు లేదు, కుక్కకు సూపిస్తావా! రేపు నా బర్రెకు కండ్లజోడు పెట్టిస్తావేమోలే," అంది.

శనివారం ఆసుపత్రి ఆవరణ ఎద్దులతో నిండి ఉంది. లాడాలు కొట్టడానికి ఎద్దులను పడదోసే ఇద్దరు మనుషులు అక్కడే ఉన్నారు. మా వైపున ఏ పశువుకు వైద్యం చెయ్యాలన్నా మొదట తాళ్ళు వేసి పడదొయ్యడమే. "ఎద్దునే పడేస్తాం, ఇదెంత సార్," అంటూ వాళ్ళు బంటు మూతి కట్టి, నాలుగు కాళ్ళు కట్టి, మెడ మీద మోకాలు ఆనించారు. కళ్ళు లేనివాడికి ఆ చేతులు ఎవరివో ఏం తెలుస్తుంది? వాడు వేసిన కేక నేను అంతకుముందు వినలేదు.

డాక్టరు గారు ముందుకాలికి పసిపిల్లల కఫ్, అదే గాలి ఎక్కే గుడ్డపట్టీ, చుట్టి, పాదం వెనక నాడి మీద వేలు పెట్టి, రబ్బరు బల్బు నొక్కారు. నాడి ఆగిపోయేదాకా గాలి ఎక్కించి, మెల్లగా వదులుతూ, నాడి మళ్ళీ వేలికి తగిలినప్పుడు పాదరసం ఎక్కడుందో చూశారు. రెండు వందల డెబ్భై.

ఆయన నాయనను పక్కకు పిలిచారు. "పంతులు గారూ, ఇంత ప్రెషర్‌కు నా దగ్గర మందు లేదు. ఇవాళో రేపో మెదడులో నరం చిట్లుతుంది. ఫిట్స్ వస్తాయి. అంత బాధ పడనివ్వడం కన్నా ఇంజెక్షన్ ఇచ్చి పంపించడం మేలు. ఆ మందు తెప్పించాలి, వచ్చే శనివారం తీసుకురండి."

నాయన తల వంచుకున్నారు. "అట్లనే సార్. వాడు తన్నుకుంటా పోయేది నేను చూడలేను."

నన్ను ఎవరూ అడగలేదు.

ఆ వారం ఎట్లా గడిచిందో రాయడం కష్టం. సోమవారం వాడి ముక్కులోంచి రక్తం కారింది. మంగళవారం అన్నం ముట్టలేదు. నేను వంట చేస్తూ ఏడ్చేదాన్ని, బడిపిల్లల పలకలు తుడుస్తూ ఏడ్చేదాన్ని. ప్రార్థనకు కూర్చుంటే, బాధ లేకుండా తీసుకుపొమ్మని అడగాలో, నాకు ఉంచమని అడగాలో తెలిసేది కాదు.

గురువారం మధ్యాహ్నం నాడి అంకెలు డైరీలోకి ఎక్కిస్తూ ఆగిపోయాను. ఇంట్లో వాడు నా పక్కన పడుకున్నప్పుడు తొంభై, తొంభైరెండు, ఎనభైఎనిమిది. శనివారం పేజీ ఖాళీగా ఉంది. ఆ రోజు తాళ్ళ మధ్య చెయ్యి దూర్చి తొడ మీద వేలు పెట్టాను కానీ, నాడి ఎంత వేగంగా కొట్టుకుందంటే లెక్కపెట్టలేక వదిలేశాను. భయంలో నాడి అంత పెరిగితే, ఆ పాదరసం కూడా భయానికి కొంత పెరిగి ఉండదా? నా ఊహ తప్పు కావచ్చు. చదువుకున్న డాక్టరుకు పల్లెటూరి పిల్ల చెప్పేదేమిటి? చెప్పకపోతే మాత్రం రెండు రోజుల్లో బంటు ఉండడు. నాయన బడి నుంచి వచ్చేలోపు డాక్టరు గారికి ఉత్తరం రాశాను. నాలుగుసార్లు చింపి అయిదోసారి రాశాను.

శనివారం ఆసుపత్రి బల్ల మీద సిరంజి ఉడికించి పెట్టి ఉంది. నేను ఉత్తరం చాచాను.

"ఏంది పాపా అది?" అని నాయన అడిగారు.

డాక్టరు గారు నిలబడి చదివారు. తర్వాత కుర్చీలో కూర్చుని మళ్ళీ చదివారు. "పంతులు గారూ, మీ అమ్మాయి నాకు పాఠం చెప్పింది," అన్నారు. ఆ మాటలో వేళాకోళం లేదు. సిరంజి మీద గుడ్డ కప్పారు.

మందుల కొట్టుగదిలో ఎవరూ రాకుండా తలుపు దగ్గరికి వేశారు. బండిలో వేసుకొచ్చిన మా ఇంటి గోనెపట్టా పరిచి, బంటును నా ఒడికి ఆనించి పడుకోబెట్టాను. తాళ్ళు లేవు. గంటసేపు అట్లాగే ఉండమన్నారు. ఆ గంటలో ఆయన వాడి కాలు చుట్టూ దారం చుట్టి కొలిచి, "పోయినసారి కఫ్ వెడల్పు చాలలేదు. ఇరుకు కఫ్ అంకెను పెంచి చూపిస్తుంది. అదీ నా తప్పే," అని గుసగుసగా చెప్పి, ఇంకొంచెం వెడల్పుది తెచ్చారు. మాటలకు వాడు బెదరకుండా, ఆయన వేళ్ళతో చూపిన అంకెలను నేను పలక మీద రాశాను.

మొదటిది రెండు వందల ముప్ఫైరెండు. ఆయన దాన్ని కొట్టెయ్యమని సైగ చేశారు. కఫ్ కొత్తకు మొదటిది ఎప్పుడూ ఎక్కువే వస్తుందట. తర్వాత రెండు వందల నాలుగు, నూటతొంభైఎనిమిది, నూటతొంభైఆరు, రెండు వందలు, నూటతొంభైనాలుగు.

"ఇది కూడా ఎక్కువేనమ్మా. రోగం ఉంది, కళ్ళు తిరిగి రాకపోవచ్చు. కానీ ఇది చంపాల్సిన అంకె కాదు, మందు వేసి చూడాల్సిన అంకె," అన్నారు.

నాయన గోడవైపు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నారు.

ఉప్పు లేని అన్నం, నరాలను నెమ్మదింపజేసే లూమినల్ బిళ్ళ చిన్న ముక్క, చల్లని చోట పడుకోబెట్టడం. అదే వైద్యం. రెండు వారాల్లో నూటఎనభైకి దిగింది. నాకు ఆశ పుట్టింది. అప్పుడే దెబ్బ తగిలింది. చప్పిడి అన్నం వాసన చూసి వాడు మొహం తిప్పుకుంటుంటే నాయన తట్టుకోలేక, నాకు తెలియకుండా మూడు రోజులు ఉప్పుకండలు కాల్చి పెట్టారు. ఉప్పు పట్టించి ఎండబెట్టిన మాంసం, వాడికి ప్రాణం. నాలుగో రోజు వాడు పక్కకు పడి కాళ్ళు కొట్టుకున్నాడు, నోట నురగ వచ్చింది.

సుందరమ్మ అత్త పరుగెత్తుకొచ్చింది. "పిచ్చి కాదంటిరి గదరా!" అని అరిచింది. అరుస్తూనే తన కొంగుతో వాడి నోరు తుడిచింది.

నాయన నేల మీద కూర్చుండిపోయారు. "నేనే పెట్టినా పాపా. వాడు తినట్లేదని పెట్టినా." ఆ వారం కొలిస్తే రెండు వందల ఇరవై. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం.

ఇప్పటికి ఎనిమిది నెలలైంది. బంటుకు చూపు రాలేదు. వాకిట్లో మంచం వెయ్యడం మానేశాం. నా చీర అంచు కాలికి తగిలేంత దగ్గరగా నడుస్తాడు. డాక్టరు గారు నెలకు ఒకసారి కొలుస్తారు, పోల్చి చూడడానికి తన ఇంటి కుక్కకూ కొలుస్తారు. పోయిన నెల బంటుకు నూటఎనభైరెండు, ఈ నెల నూటతొంభై. కిడ్నీలు బాగుపడవని ఆయన దాచకుండా చెప్పారు. ఒక రోజు ఆ సిరంజి మళ్ళీ ఉడుకుతుంది. నాకు తెలుసు.

ఇట్లాంటి కష్టం వచ్చిన వారికి నేను చెప్పగలిగేది ఒక్కటే. కుక్కకు గానీ పిల్లికి గానీ ప్రెషర్ కొలిపించేటప్పుడు కట్టి పడదొయ్యనివ్వకండి. ఇంటి పట్టా మీద, ఇంటి మనిషి పక్కన, భయం తీరేదాకా పడుకోనివ్వండి. మొదటి అంకె వదిలెయ్యమనండి, తర్వాతి అయిదూ రాసుకోండి. డాక్టరుకు తొందరగా ఉంటే, సిగ్గు విడిచి, ఇంకో గంట ఆగమని అడగండి. నేను నోటితో అడగలేక కాగితం మీద అడిగాను. ఆ గంటే మాకు ఈ ఎనిమిది నెలలు ఇచ్చింది.