సి బ్లాకులో కిట్ లేఅవుట్

జూన్ రెండో వారం, సోమవారం, ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు హాస్టల్ గేటు దగ్గర రిపోర్టు చేశాను. ముసురు పట్టి ఉంది. చేతిలో ఇనుప ట్రంకు పెట్టె, భుజాన పరుపుచుట్ట, జేబులో ఉద్యోగం కాగితం. వరంగల్ పొలిమేరలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ అది. పేరు చెప్పను. కాలేజీని బద్నాం చేయడానికి కాదు ఇది రాయడం. నా తప్పు నేను ఒప్పుకోవడానికి.

పదిహేడేళ్లు ఫౌజులో ఉండి హవల్దారుగా రిటైరయ్యాను. చుట్టాలందరూ నన్ను బార్డరు గురించే అడుగుతారు. మంచు ఎంత ఎత్తు పడేది, రాత్రిళ్లు ఎలా గడిచేవి, తుపాకీ బరువెంత. చెబుతాను, నాకూ సరదాయే. చెప్పని డ్యూటీ ఒక్కటే. ఇంటికి గంటంబావు బస్సు దూరంలో, ఒక్క తూటా పేలని చోట, ఎనిమిది నెలలు చేసింది. దాని గురించి ఎవరూ అడగరు. అడగలేదు కదా అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను.

మూడంతస్తుల బ్లాకులు మూడు. ఎ, బి, సి. వెనక ఆరడుగుల ప్రహరీ, పైన పాతిన గాజు పెంకులు రెండు చోట్ల ఊడిపోయాయి. గోడ అవతల పత్తి చేలు, మట్టి దారి. సెక్యూరిటీ ఇన్‌చార్జిని నేను, నా కింద గార్డులు ఆరుగురు. లాఠీలు ఆరు, టార్చిలైట్లు నాలుగు, వాకీటాకీలు మూడు. మూడోదానికి చార్జింగ్ నిలవదు.

పది గంటలకు ప్రిన్సిపాల్ పిలిచి ఆర్డరు ఇచ్చారు. క్యాంపస్‌లోకి గంజాయి వస్తోంది, మత్తు మాత్రలు వస్తున్నాయి, ఆపాలి. మిలిటరీ మనిషివి, నీకు వేరే చెప్పాలా అన్నారు. నేను సెల్యూట్ కొట్టి బయటికొచ్చాను. అప్పట్లో నా దృష్టిలో అమ్మేవాడూ మింగేవాడూ ఒకటే. ఇద్దర్నీ ఒకే వరుసలో నిలబెట్టి ఒకే శిక్ష వెయ్యాలనేవాణ్ని. చాయ్ హోటళ్లలో ఇవాళ కూడా అదే మాట వినిపిస్తుంది. వింటూ తల దించుకుంటాను.

మొదటి మూడు నెలలు ఏమీ దొరకలేదు. సంచులు చూశాం, గోడ కాశాం, మెస్సు వెనక గేటుకు తాళం వేశాం. వాకీటాకీలో మా మాటలు ఇలా ఉండేవి.

"గేటు, సి బ్లాక్. ఏమన్న దొర్కిందా?"

"దొర్కింది సార్. బిర్యానీ పొట్లం."

"చికెనా?"

"ఎగ్ సార్."

నవ్వుకునేవాళ్లం. కానీ నెలనెలా ప్రిన్సిపాల్ ముందు ఉత్త చేతులతో నిలబడటం నాకు తల కొట్టేసినట్టుండేది.

ఆ రోజుల్లో నాతో మాట కలిపిన విద్యార్థి ప్రవీణ్. మూడో సంవత్సరం, సి బ్లాకు, ఇరవై ఏడో గది. ఒకరోజు పొద్దున ఐదున్నరకు నేను గ్రౌండులో పరుగు తీస్తుంటే వచ్చి, ఆర్మీకి పోవాలనుంది, నేర్పుతారా అని అడిగాడు. సన్నటి మనిషి. చేతులు వణుకుతుండేవి. జూలైలో ఒక్క రౌండుకే కూలబడ్డాడు. సెప్టెంబరుకు ఆరు రౌండ్లు తిరిగాడు, వణుకు పోయింది. అదంతా నా ట్రైనింగే అని మీసం దువ్వుకున్నాను. కదలకుండా నిటారుగా నిలబడే సావధాన్ నేర్పాను, ఒళ్లు వదులు చేసే విశ్రామ్ నేర్పాను. దుప్పటి అంచులు మంచం కింద ఎలా మడవాలో నేర్పాను. నేను విశ్రామ్ అనేదాకా కదిలేవాడు కాదు. రెండు వారాలకోసారి శనివారం బయటికి వెళ్లేవాడు. గేటు రిజిస్టరులో కారణం దగ్గర పంటినొప్పి అని రాసేవాడు. ఇన్నిసార్లు ఏం పన్నురా అని నేను అడగలేదు.

ఫౌజులో కిట్ లేఅవుట్ అని ఒకటుంటుంది. జవాను తన పెట్టెలో ఉన్నదంతా దుప్పటి మీద వరుసగా పరిచి, పక్కన సావధాన్‌లో నిలబడాలి. బూట్లు, మేజోళ్లు, మగ్గు, సూదీ దారంతో సహా. ఆఫీసరు వచ్చి ఏది తక్కువైందో చూస్తాడు. అందుకే ముందురోజు సాయంత్రమే ఆర్డరు బోర్డు మీద పెడతారు. పోగొట్టుకున్నవాడు ఆలోపు తెచ్చుకోవాలి కదా. లేనిదేదో తెలుసుకునే పద్ధతి అది, దాచినదాన్ని పట్టుకునే పద్ధతి కాదు. ఈ ఒక్క ముక్క నా బుర్రకు తట్టలేదు.

అక్టోబరులో ఒక శుక్రవారం సాయంత్రం ఐదింటికి సి బ్లాకు బోర్డు మీద నా చేత్తోనే కాగితం అంటించాను. రేపు ఉదయం ఆరింటికి కిట్ లేఅవుట్, పెట్టెలో ఉన్న ప్రతి వస్తువూ దుప్పటి మీద ఉండాలి, ఒక్కటి కూడా లోపల మిగలకూడదు అని. గేటు గార్డు అది చదివి నా దగ్గరికొచ్చాడు.

"సార్, ముందుగాలనే చెప్తే ఎవడన్న ఉంచుకుంటడా?"

డిసిప్లిన్ అంటే నీకేం తెలుసని కసిరాను. ఆ సాయంత్రం సి బ్లాకు కుర్రాళ్లు గుంపులు గుంపులుగా షికారుకు పోయారని అతనే తర్వాత చెప్పాడు.

శనివారం ఆరు గంటలు. ఎండ ఇంకా వరండాలోకి రాలేదు. మూడు అంతస్తుల్లోనూ గదుల ముందు దుప్పట్లు, వాటి పక్కన కుర్రాళ్లు. వార్డెన్ సార్, నేను, ఇద్దరు గార్డులు ఒక్కో దుప్పటి చూసుకుంటూ నడిచాం. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఒక్క బీడీ ముక్క లేదు. రెండో అంతస్తుకొచ్చేసరికి వార్డెన్ గడియారం చూసుకుంటున్నారు.

ఇరవై ఏడో గది. అన్నింట్లోకీ తిన్నగా పరిచిన దుప్పటి ప్రవీణ్‌ది. పరుగు బూట్లు, డ్రాఫ్టరు, కాలిక్యులేటరు, దువ్వెన, అరచేతిలో పట్టేంత కొత్త నిబంధన బైబిలు పుస్తకం, చివర పళ్లపొడి డబ్బా. డబ్బా ఎత్తితే గలగలమంది. మూత తీశాను. తెల్లటి మాత్రలు తొమ్మిది. మాత్రల పట్టీ లేదు, డాక్టరు చీటీ లేదు.

ఏంటివి అన్నాను. వాడు ఒక అడుగు ముందుకొచ్చి గొంతు తగ్గించాడు.

"సార్, జర పక్కకు రాండ్రి. చెప్త."

"ఈడ్నే చెప్పు. అందరికి ఇనవడాలె."

వాడు వరండా అటు చివర నుంచి ఇటు చివరకు చూశాడు. తర్వాత సావధాన్‌లోకి వచ్చి, నేను నేర్పినట్టే ఎదురుగా చూస్తూ చెప్పాడు.

"దవాఖాన మందులు సార్. పోయినేడు మత్తు మాత్రలకు అలవాటు పడ్డ. మానెయ్యనీకి ఇవి ఇచ్చిన్రు. ఐదు నెలలాయె, ఏది ముట్టలే."

వరండాలో ఎవడో కిసుక్కున నవ్వాడు.

వాడు నిజం చెబుతున్నాడని నాకు అప్పుడే తెలుసు. వణికే చేతులు, పోయిన వణుకు, పంటినొప్పి శనివారాలు, అన్నీ ఒక్క క్షణంలో అర్థమయ్యాయి. తోటివాళ్లు చూడకూడదని పట్టీలు చించి డబ్బాలో పోసుకున్నాడు. అలాంటివాడు ఆ డబ్బాను కూడా ఎందుకు బయట పెట్టాడంటే, ఒక్కటి కూడా లోపల మిగలకూడదని నేను రాశాను కాబట్టి. దాచాల్సినవాళ్లు దాచుకున్నారు. బ్లాకు మొత్తంలో నా ఆర్డరును అక్షరాలా పాటించినవాడు వాడొక్కడే. నన్ను నమ్మినవాడూ వాడొక్కడే.

అయినా రిపోర్టు రాశాను. గుర్తు తెలియని తెల్ల మాత్రలు తొమ్మిది, ఇరవై ఏడో గది. విద్యార్థి వివరణ అన్నచోట సంతృప్తికరంగా లేదు అని రాశాను. నాలుగు నెలల తర్వాత మొదటిసారి చేతికి ఏదో చిక్కింది, వదులుకోబుద్ధి కాలేదు. ఇంతకంటే మర్యాదైన కారణం ఏదైనా ఉందేమోనని చాలా వెతికాను. లేదు. ప్రిన్సిపాల్ చేయి కలిపి చాయ్ తెప్పించారు. తాగాను.

సోమవారం కాలేజీ క్రమశిక్షణ కమిటీ కూర్చుంది. ప్రవీణ్ దవాఖాన కార్డు పట్టుకుని తల్లితో వచ్చాడు. ఆమె ఎనుమాముల మార్కెట్‌లో మిరపకాయలు ఏరే కూలి. వేళ్ల చివరలు ఎర్రగా ఉన్నాయి. చేతులు ముఖానికి తగలకుండా మోచేత్తో చెమట తుడుచుకుంటోంది. తలుపు దగ్గర నన్ను చూసి దండం పెట్టింది.

"పరుగు నేర్పే సారు మీరేనా? మా పిలగాడు మీ గురించి మస్తు చెప్పేటోడు సారూ. మీరే జర ఓ మాట చెప్పాలె."

చెబుతానన్నట్టు తలూపాను. లోపల కమిటీ పెద్దాయన నన్నే అడిగారు, ఇవి దవాఖాన మందులని ఆ రోజే చెప్పాడా అని. అవునంటే నా రిపోర్టు అబద్ధమవుతుంది.

"ఏదో చెప్పిండు సార్. దొరికినంక అందరు గట్లనే చెప్తరు" అన్నాను.

తల్లి నా వైపు చూసింది. ప్రవీణ్ చూడలేదు.

కార్డు నిజమైనదేనని కమిటీ ఒప్పుకుంది. అయినా ఒకప్పుడు అలవాటున్నవాడు హాస్టల్లో ఉంటే మిగతావాళ్లు చెడిపోతారని సీటు తీసేశారు. ఇంటి నుంచి వచ్చి చదువుకోవచ్చన్నారు. తల్లి మార్కెట్ షెడ్డులోనే కూలీలతో పడుకునేది, ఇల్లు మాత్రం పాలకుర్తి అవతల పల్లెలో, రెండు బస్సులు మారాలి. పది రోజులు వచ్చాడు. క్లాసులో వాణ్ని డబ్బా అని పిలవడం మొదలుపెట్టారు. పదకొండో రోజు నుంచి రాలేదు. గేటు రిజిస్టరులో పంటినొప్పి అని ఎవరూ రాయని శనివారాలు గడిచాయి. గ్రౌండులో నేనొక్కణ్నే తిరిగాను. అమ్మినవాడు మాత్రం దొరకలేదు.

ఫిబ్రవరిలో ఆఫీసు బీరువా సర్దుతూ, ఆ డబ్బా పారేయమని నాకిచ్చారు. పారేయలేకపోయాను. మధ్యాహ్నం పన్నెండింటికి పెద్ద దవాఖానకు పోయి, అలవాట్లు మాన్పించే గదిలో నర్సమ్మ ముందు పెట్టి, జరిగింది చెప్పాను. ఆమె మాత్రలు చూసి, ఇవి మావేనంది. ప్రవీణ్ ఇప్పటికీ వస్తున్నాడా అని అడిగాను.

"ఎవరొస్తరో, ఎవరు రారో నేను చెప్పొద్దు, అన్నా. గని ఒక్క మాట. ఈ తలుపు తీసుకొని లోపలికి రానీకి ఒక్కొక్కరికి ఏడాది పడ్తది. మీరు ఒక్కపూటల ఎనక్కి పంపిస్తరు."

దవాఖాన మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. నా ట్రంకు పెట్టెలో, యూనిఫాం అడుగున, మిలిటరీ క్యాంటీన్ రమ్ము సీసా ఉంది. రోజూ పడుకోబోయే ముందు రెండు గుక్కలు. ఆ పెట్టెను దుప్పటి మీద పరచమని నన్నెవరూ అనలేదు. ఫౌజులో జబ్బుపడ్డ జవాన్ని స్ట్రెచర్ మీద వెనక్కి పంపిస్తాం. వాడి జబ్బును వరుసలో నిలబెట్టి చదివి వినిపించం. పదిహేడేళ్లు చేసిన పని ఇంటికొచ్చాక ఎలా మరిచానో నాకు అంతుబట్టలేదు. అమ్మేవాణ్ని పట్టుకోండి, జైల్లో పెట్టండి, అడ్డం రాను. మింగి, మానాలని చూసేవాడికి మాత్రం పక్కకు పిలిచి మాట్లాడే మనిషి కావాలి. వాడు అడిగింది ఆ రెండు అడుగులే.

మర్నాడు ప్రిన్సిపాల్‌కు నిజం రాసిచ్చి, నౌకరీ వదిలేశాను. ఆయన చదివి, అయిపోయిన సంగతి కదా అని ఫైల్లో పెట్టారు. కాగితం నకలు ఒకటి జేబులో పెట్టుకున్నాను. పదకొండు గంటల పది నిమిషాలకు ట్రంకు పెట్టెతో గేటు దాటాను. గేటు గార్డు బస్సుదాకా సాయం వస్తానన్నాడు, వద్దన్నాను. ఇంటికి పోయే బస్సెక్కకుండా ఆటోలో ఎనుమాముల పోయాను.

మిరప సీజను. యార్డు నిండా ఎర్రటి కుప్పలు, తూకాల కేకలు, ఘాటుకు అందరి దగ్గులు. ప్రవీణ్ తల్లి పక్కన కూర్చుని బస్తా మూతి కుడుతున్నాడు. గడ్డం పెరిగింది. చేతులు మళ్లీ వణుకుతున్నాయి. దూరం నుంచే కనిపించింది నాకు. క్షమించమని చెప్పాలి, కాగితం ఇవ్వాలి, మళ్లీ దవాఖానకు నేను తీసుకుపోతానని చెప్పాలి. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను.

వాడు తలెత్తి నన్ను చూశాడు. నేను నోరు తెరవకముందే లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి మిరపగింజల మధ్య నేల మీద పరిచాడు. అంచులు తిన్నగా లాగాడు. జేబులు రెండూ ఖాళీ చేశాడు. ఫోను, దువ్వెన, బస్సు టికెట్టు, పురికొస ఉండ. చేతిలోని దబ్బనం కూడా పెట్టాడు. వరుసగా సర్ది, పక్కన సావధాన్‌లో నిలబడ్డాడు. ఎగతాళి చేస్తున్నాడేమోనని ముఖం చూశాను. ఎగతాళి లేదు.

"గట్ల నిలవడ్డవేంది బిడ్డా, కూసో" అంది తల్లి. వాడు కూర్చోలేదు.

వరుస చివర, పళ్లపొడి డబ్బా ఉండాల్సిన చోట, నా కాగితం పెట్టాను. విశ్రామ్ అని ఒక్క మాట అంటే చాలు. పరేడ్ గ్రౌండులో మూడు కంపెనీలకు వినపడేలా అరిచిన గొంతు నాది. ఆ ఒక్క మాట రాలేదు. వెనక్కి తిరిగి నడిచి, సాయంత్రానికి ఇల్లు చేరాను. ఎవరు ఏ బార్డరు కథ అడిగినా, చెప్పడం మొదలుపెట్టగానే నాకు వాడే కనిపిస్తాడు. ఎర్రటి దుమ్ములో, ఎదురుగా చూస్తూ, ఇంకా నా మాట కోసం నిలబడే ఉంటాడు.