ఎర్రగుడ్డ కట్టిన తుప్ప

మాస్టారు పోయారన్న కబురు నాకు పూండి స్కూల్లో, పాఠం మధ్యలో తెలిసింది. ఏడుపు రాలేదు. మందసలో మా మావ జీడితోట బాగు చేయించడం ఈ వారమే మొదలవుతుందన్న సంగతి గుర్తొచ్చింది. ఇక కాలు నిలవలేదు. పాఠం మరొకరికి అప్పగించి, పలాస బస్సు కోసం రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను.

ఆయన చావుకూ జీడితోటకూ సంబంధమేమిటని మీరడగవచ్చు. తొంభైల చివర్లో టెక్కలి కాలేజీలో మాస్టారు మాకు వృక్షశాస్త్రం చెప్పేవారు. క్లాసులో కుర్చీ ఉండేది గానీ దానితో ఆయనకు పని ఉండేది కాదు. పలాస నుంచి బస్సులో వస్తూ రోడ్డు పక్కన ఏ పొదో పూసి కనబడితే అక్కడే దిగిపోయేవారు. క్యారేజీ మాత్రం వేళకు టెక్కలి చేరేది. కండక్టరు దాన్ని గేటు దగ్గర ఇచ్చి, మనిషి వెనకాల వస్తున్నాడని చెప్పి పోయేవాడు. ప్యాంటు నిండా పల్లేరు కాయలతో ఆయన ఎప్పటికో దిగేవారు. వచ్చాక ఆ పూట పాఠం ఆ పొద గురించే.

ఒకసారి మమ్మల్ని మందస కొండలకు తీసుకెళ్లి, కొండవారనున్న మా మావ తోటలో అన్నాలకు ఆపారు. మావ అంటే మా అమ్మ తమ్ముడు. అందరం తిన్నాం, మాస్టారు తినలేదు. గట్టు మీద ఒక తుప్ప ముందు మోకాళ్ల మీద కూలబడిపోయారు. చూడ్డానికి ఆ కొండల్లో మామూలుగా దొరికే పాపిడి మొక్కలాగే ఉంది. ఎదురెదురు ఆకులు, ఎండకెత్తి పడితే ఆకులో నల్లటి చుక్కలు. ఆ చుక్కల్లో కంటికి కనబడని జీవులు కాపురముంటాయని చెప్పారు. కానీ ఈ ఆకు మరీ సన్నం, అడుగున మెత్తటి నూగు. అన్నేళ్లుగా ఆ కొండలు తిరిగిన మనిషి ఇలాంటిది ఎక్కడా చూడలేదట.

"ఆకు సూత్తే ఏ ఇంటిదో తెలుస్తాది. పేరు మాత్రం పువ్వే సెప్పాల," అన్నారు.

ఆ పువ్వే రాదు. మా ఉద్దానం ప్రాంతంలో జీడిపిక్కలు రాలేముందు చెట్ల కింద తుప్పలన్నీ కొట్టి నేల శుభ్రం చేస్తారు. లేకపోతే రాలిన పిక్క దొరకదు. ఈ తుప్ప మొగ్గ తొడిగే వేళా, తోటలో కత్తి ఆడే వేళా ఒకటే. ఏటా మొదలంటా నరికేవారు. వానలకు చిగురించేది, పూతకొచ్చేలోగా మళ్లీ నరికేవారు. దాన్ని వదిలేయమని మాస్టారు మావను బతిమాలారు. మావ కూలీలకు చెప్పాడు. మర్నాడు వెళ్లి చూస్తే మోడే మిగిలింది. అలవాటైన చెయ్యి ఆగలేదు.

మరుసటి ఏడు మావ తన బుర్ర వాడి తుప్పకు పసుపు రాసిన ఎర్రగుడ్డ కట్టాడు. ఎవరూ కత్తి వేయలేదు. ఆ పై ఏడాది మొగ్గలు వచ్చాయని కబురందగానే మాస్టారూ నేనూ పరుగెత్తాం. తుప్ప ఉంది, మొగ్గలు లేవు. పని మొదలెట్టే రోజు అమ్మవారికి మొక్కి కత్తి పట్టడం మా వైపు పద్ధతి. గుడ్డ చూసిన కూలీ ఆడవాళ్లు అమ్మవారు అక్కడే ఉందనుకుని, మొగ్గల గుత్తులన్నీ తెంపి తుప్ప మొదట్లో పెట్టి, కుంకుమ జల్లి దండం పెట్టుకున్నారు. అవి అప్పటికే వాడి నల్లబడ్డాయి. నాకు ఒళ్లు మండిపోయింది. బాప్టిస్టు చర్చిలో సంఘపెద్దగా ఉన్న మాస్టారు ఆ కుంకుమ వైపు చూసి నవ్వేశారు.

"నరకలేదు కదమ్మా. దండం పెట్టినోళ్ల మీద కోపమేటి?"

నవ్వారే గానీ, తిరుగు బస్సులో ఒక సీటులో కుదురుగా కూర్చోలేకపోయారు.

ఆ తర్వాతి ఏళ్లలోనూ మొగ్గలు మొక్కుకే పోయాయి. ఒక ఏడు తుఫానుకి జీడిచెట్టు కూలి తుప్ప మీద పడింది. అది మళ్లీ మొదటి నుంచి లేవాల్సి వచ్చింది. ఈలోగా ఆయన రిటైరయ్యారు. మా ఉద్దానంలో ఎందరికో వచ్చినట్టే ఆయనకూ కిడ్నీల జబ్బు వచ్చింది. విశాఖ ఆసుపత్రిలో మంచం మీద కదలకుండా పడుకోవడమే జబ్బు కంటే కష్టమనేవారు. మొన్నీమధ్య వెళ్తే, మొక్కల్ని కాగితాల మధ్య పెట్టి నొక్కి ఆరబెట్టే తన చెక్కపలకలు నా చేతికిచ్చారు. తోట బాగు ఎప్పుడని అడిగారు. "పూస్తే ఒక్క కొమ్మ కొయ్యమ్మా. ఒక్కటే," అన్నారు. ఆ పలకల్ని తీసుకెళ్లి తోట పాకలో పెట్టాను.

పలాసలో సమాధి దగ్గర పాట పాడుతున్నంతసేపూ నా కళ్లు మావ కోసం వెతుకుతూనే ఉన్నాయి. రాలేదు. కోపం వచ్చింది, దిగులు వేసింది. మట్టి వేసి, అటునుంచి అటే మందస బస్సెక్కాను.

తోటంతా కొట్టేశారు. గట్టు మీద తుప్ప ఒక్కటే ఉంది. దాని పక్కన తలకు తువ్వాలు చుట్టుకుని మావ కూర్చున్నాడు.

"రాలేకపోనానమ్మీ. నానిక్కడ నేకపోతే గుత్తులు తెంపేత్తారు. మొక్కుకునే పూలు ఇంటికాడ నుంచి తెచ్చుకోమన్నాను," అన్నాడు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

తుప్ప మీద ఒక గుత్తి విచ్చుకుంది. తెల్లటి సన్నని గొట్టాల్లాంటి పూలు, ఒక్కోదానికి నాలుగు రేకులు, మధ్యలోంచి దారంలాంటి కాడ బయటికి పొడుచుకొచ్చింది. మావ కత్తి నా చేతికిచ్చాడు. ఇన్నేళ్లూ ఎవరూ కొయ్యకూడదని తపించినదాన్ని ఇప్పుడు నేనే కొయ్యాలి. ఒక్క కొమ్మే కోశాను.

పాకలోంచి తెచ్చిన పలకలకు కట్టే తాడు చెదలు తినేసింది. మావ ఈ ఏడు కొత్తగా పసుపు రాసి తుప్పకు కట్టిన ఎర్రగుడ్డ విప్పి, దానితోనే పలకలు బిగించి కట్టాడు. బస్సులో వాటిని ఒళ్లో పెట్టుకున్నాను. పేరు ఇంకా తెలియదు. పలాస చేరేసరికి నా వేళ్లకు పసుపు అంటుకుని ఉంది.