కారుకి గాలి పట్టిన మధ్యాహ్నం

మొన్న గుడివాడలో పెళ్లి చూసుకుని మా అమ్మాయి కారులో బందరు తిరిగి వస్తుంటే, డ్యాష్‌బోర్డు వెనక నుంచి ఎవరో చెంబులోకి నీళ్లు వంపుతున్నట్టు గుడగుడమని చప్పుడు మొదలైంది. పాటలు పెట్టుకుని నడుపుతున్న మా అమ్మాయికి అది వినపడలేదు గాని, నా చెవిన పడగానే నేను గుర్తుపట్టాను. పామర్రు సెంటర్లో ఒక షెడ్డు దగ్గర బలవంతంగా కారు ఆపించాను. అక్కడి మెకానిక్ ఇంజను చల్లారనిచ్చి మూత తీసి చూసి, "కూలెంట్ తగ్గిందండీ, లోపల గాలి పట్టేసింది. తీసేస్తాను, కంగారేం లేదు" అన్నాడు. కారు అమ్మాయిదైతే, కంగారు పడొద్దని అతను నాకు చెప్పాడు. నా మొహం అలా ఉందన్నమాట.

పాత కార్లు ఎరిగిన నా ఈడు వాళ్లకి ఆ గుడగుడ చప్పుడు కొత్తేమీ కాదు. ఇంజను చుట్టూ తిరగాల్సిన నీళ్ల మధ్య గాలి బుడగ చిక్కుకుంటే నీళ్లు తిరగవు, రేడియేటరు నిండుగా కనిపిస్తూనే ఉంటుంది, ఇంజను మాత్రం ఉడికిపోతుంది. ఇదంతా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, నాన్న ప్రాణం మీదికి వచ్చిన రోజున ఆయన నోటి నుంచే విన్నాను.

మాది దివిసీమలో, అవనిగడ్డ దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఊరు. ఉప్పెన చూసిన ఊళ్లలో ఇళ్ల స్థలాలన్నీ మట్టి తోలించి రోడ్డు కంటే బాగా మెరక చేసుకున్నవే కాబట్టి, వాకిట్లోంచి రోడ్డు మీదికి జారుడుబల్లలాంటి ఏటవాలు ఉండేది. ఉప్పెన తర్వాత మా వైపు ఇంకో అలవాటు పుట్టింది. ఎడ్లబండి గాని ట్రాక్టరు గాని, మూతి రోడ్డు వైపు పెట్టే నిలిపేవాళ్లు, గాలివాన మొదలయ్యాక బండి వెనక్కి తిప్పుకునే వ్యవధి ఎవరికుంటుంది? నాన్న ఎవరి దగ్గరో కొన్న పాత తెల్ల కారు కూడా ఆ ఏటవాలు మీదే మూతి కిందికి వంచుకుని ఉండేది. ఇంజను మొరాయించినా బ్రేకు వదిలితే చాలు, అదే దొర్లుకుంటూ రోడ్డెక్కుతుందని ఆయన ధీమా.

అప్పటికి నాకు మొవ్వలో టీచరు ఉద్యోగం వచ్చి ఎంతో కాలం కాలేదు. ఎండాకాలంలో ఎండిపోయిన చేలలో నాన్నే నాకు కారు నేర్పారు. ఆడపిల్లకి కారెందుకని అమ్మ సణుగుతుంటే, బియ్యే చదివిన పిల్లకి గేర్లు ఓ లెక్కా అని నవ్వేవారు. సెలవులకి నేను ఇంటికి వచ్చినప్పుడు రేడియేటరుకుండే రబ్బరు గొట్టం ఒకటి పగిలితే, కొత్తది తెప్పించి ఆయనే బిగించి, కారు నిలిపిన చోటనే మెడ దాకా నీళ్లు పోసి మూత పెట్టారు.

మర్నాడు మధ్యాహ్నం గడ్డివాము దగ్గర గడ్డి లాగుతుంటే నాన్న కాలి మడమ పైన తాచుపాము కాటేసింది. అమ్మ పామును కళ్లారా చూసింది. కారు నడపగలిగిన బాబాయి ఆ పూట బెజవాడలో ఉన్నాడు. అందరూ తలో వైపు పరుగులు పెడుతుంటే నాన్న మాత్రం తుండుగుడ్డతో పిక్క కట్టించుకుని, తాళాలు నా చేతిలో పెట్టి, "నువ్వు నడుపు" అన్నారు. అవనిగడ్డలో డాక్టరుగారు ఇంజెక్షన్ చేసి, ఊపిరి ఆడకుండా పోయే ప్రమాదం ఉంది, ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా బందరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నారు. బందరు బస్సు అప్పుడే వెళ్లిపోయింది. అవనిగడ్డ దాటి నేనెప్పుడూ కారు నడిపి ఎరగను.

వెనక సీట్లో అమ్మ ఒళ్లో తల పెట్టుకుని పడుకున్న నాన్న, పులిగడ్డ దాటిన దగ్గర్నుంచి ఉండుండి ఒకే మాట అడుగుతూ వచ్చారు. "ముల్లు ఎక్కడుంది?" ఇంజను వేడి చూపించే ముల్లు అది. మధ్యలో ఉంది నాన్నా అనేదాన్ని. కాసేపటికి మళ్లీ అడిగేవారు. ఇంత ప్రాణభయంలో కారు మీద బెంగేమిటి ఈయనకి అని లోపల అనుకున్నాను కూడా. చల్లపల్లి దాటాక ముల్లు నిజంగానే లేచింది. లేచి, చటుక్కున కిందికి పడి, మళ్లీ ఎర్రగీత దాకా పోయింది. డ్యాష్‌బోర్డు వెనక గుడగుడ మొదలై, బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. మూలిగే నక్క మీద తాటికాయ పడడమంటే ఏమిటో నాకు ఆ క్షణాన తెలిసింది. ఒక కాలువ వంతెన మొదట్లో కారు ఆపి ఇంజను కట్టేశాను.

డిక్కీలోని బకెట్టుతో కాలువలోకి పరుగెత్తి నీళ్లు తెచ్చాను. "మూత ముట్టుకోకు, మొహం మీదికి కొడుతుంది. చల్లారనీ" అన్నారు నాన్న. ఆ మాట ముక్కుతో అన్నట్టు, ముద్దముద్దగా వచ్చింది. ఇంజను చల్లారాలంటే ఆగాలి, నాన్న బతకాలంటే ఆగకూడదు. ఆ రోడ్డు మీద నేను పడ్డ భయం ఇన్నేళ్లలో మళ్లీ ఎన్నడూ పడలేదు, ప్రసవమప్పుడు కూడా పడలేదు. అటూ ఇటూ ఒక్క లారీ అయినా రాలేదు. అమ్మ ఏడవలేదు, నాన్న మొహం మీద కొంగు కప్పి ఎండ తగలకుండా పట్టుకుని, పెదవులు మాత్రం కదుపుతూ ఏదో స్తోత్రం చదువుకుంటోంది.

చివరికి తడిగుడ్డ వేసి, ఆయన చెప్పినట్టే మూత కొంచెం తిప్పి, బుస తగ్గాక పూర్తిగా తీశాను. చూస్తే మెడ దాకా నీళ్లున్నాయి. నీళ్లు లేకపోతే పోయొచ్చు, ఉంటే ఏం చేస్తాం? "నిండుగానే ఉంది నాన్నా" అంటూనే నాకు ఏడుపొచ్చేసింది.

అయిపోయింది అనుకున్నాను. అప్పుడు నాన్న ఒక్కొక్క మాటా కూడదీసుకుంటూ అన్నారు: "నిన్న నీళ్లు పోసినప్పుడు మూతి కిందికుంది. గాలంతా వెనక ఇంజనులో ఉండిపోయింది. మన ఆయిలింజను పంపుకి గాలి పట్టదూ, అలాంటిదే. మూతి పైకి లేవాలి. వంతెన ఎక్కించు."

ఇప్పటి వంతెనల్లా రోడ్డుతో సమానంగా ఉండేది కాదది, గూనిలా లేచి ఉండేది. ఆ మెరక మీద సగం దాకా ఎక్కించి ఆపాను. హ్యాండ్‌బ్రేకు పేరుకే ఉంది. ఇంజను నడుస్తుండగానే నీళ్లు పోయాలన్నారు, అంటే నేను కారు దిగాలి. వెనక్కి జారితే నాన్నతో సహా కాలువలోకే. అమ్మ నన్నేమీ అడగకుండా నాన్న తల కింద చీరల మూట పెట్టి దిగి, గట్టు మీది బండరాయి దొర్లించుకొచ్చి వెనక చక్రం కింద తోసి, రోడ్డు మీద చతికిలబడి రెండు చేతులతో దాన్ని అదిమి పట్టుకుంది. కారే కదిలితే ఆ చేతులు ఆపుతాయా? ఆ మాట నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు.

రేడియేటరు పైగొట్టాన్ని గుడ్డతో పట్టుకుని నొక్కుతూ వదులుతూ ఉంటే, మెడలోంచి పెద్ద పెద్ద బుడగలు లేచి, అంతదాకా నిండుగా ఉన్న నీళ్లు ఒక్కసారిగా లోపలికి దిగిపోయాయి. పోశాను. మళ్లీ దిగాయి. మళ్లీ పోశాను. బకెట్టులో నీళ్లు అయిపోవస్తుండగా బుడగలు ఆగి, నీళ్లు మెడ దగ్గర నిలకడగా నిలిచాయి. మూత బిగించి ఎక్కి చూస్తే ముల్లు మెల్లగా మధ్యకి దిగుతోంది.

అక్కడి నుంచి బందరు దాకా ఆయన అడుగుతూనే ఉన్నారు, నేను చెబుతూనే ఉన్నాను. ఊళ్లోకి వచ్చేసరికి అది మాటగా లేదు, ఒట్టి గాలిగా వస్తోంది. అయినా నేను జవాబిచ్చాను. ఆసుపత్రిలో డాక్టరుగారు నాన్న కనురెప్పలు వేళ్లతో ఎత్తి చూసి, ఈయనకి రెప్పలు వాలి చాలాసేపైంది కదా అన్నారు. చల్లపల్లి దగ్గర్నుంచీ నాన్నకి కళ్లు తెరిపిడి పడలేదట. అమ్మకి తెలుసు. నేను భయపడతానని చెప్పలేదు.

గొంతులో గొట్టం వేసి ఊపిరి ఆడించారు. నాన్న బతికారు. ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి, నా కూతుర్ని కూడా ఎత్తుకున్నారు. ఒకసారి, అంత బాధలో ఆ ముల్లు గోలేమిటి నాన్నా అని నవ్వుతూ అడిగాను. ఆయన నవ్వలేదు. "ముల్లు నువ్వు చూసుకుంటావని నాకు తెలీదా? కళ్లు మూసుకుపోయాయి, ఒళ్లు తెలియడం లేదు. చీకట్లో ఒక్కణ్ణీ పడున్నట్టుండి భయమేసింది. నువ్వు జవాబు చెబితే, ఇంకా ఉన్నాననుకునేవాణ్ణి" అన్నారు. నాన్న భయమేసిందని చెప్పగా నేను విన్నది అదొక్కసారే.

ఆ రోజులే బాగుండేవనే వాళ్లతో నాకు పడదు. ఇప్పుడు మా ఊళ్లో ఎవరికి పాము కరిచినా ఫోను చేస్తే ఆక్సిజనుతో సహా అంబులెన్సు వస్తుంది, రోడ్డు వెడల్పయింది, గూని వంతెనలు పోయాయి, ఏ అమ్మా చక్రం కింద చేతులు పెట్టనక్కర్లేదు. ఇంతకన్నా ఏం కావాలి? పామర్రులో ఆ అబ్బాయి గాలి తీసేశాక మళ్లీ బయల్దేరాం. ఎంత దూరం వచ్చామే, ఇది ఏ ఊరే అని నేను అడుగుతూ ఉంటే, మా అమ్మాయి కాసేపు ఓపిక పట్టి, "ఫోను చెబుతోంది కదమ్మా, ఆ తెర మీద చూసుకో" అంది. తప్పేమీ లేదు, తెర మీద అంతా ఉంది. నేను అడిగేది దారి కాదని దానికెలా చెప్పను.