నాయినకు పియానో వినిపించబోయి

విరుదునగర్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీలో ఒక తోటి టీచరమ్మ ఉంది. ఆదివారాలు చర్చిలో పియానో వాయిస్తుంది. నాకు వినడం నేర్పింది ఆమే.

"పందొమ్మిదో శతాబ్దంలో రొమాంటిక్ యుగమని వచ్చింది. అంతకుముందు పాటకు కొలత ముఖ్యం. ఆ యుగం వాళ్ళు మనసుకే పెద్దపీట వేశారు," అని తమిళంలో చెప్పింది. "ఎడమచెయ్యి తాళం తప్పదు. కుడిచెయ్యి మాత్రం ఆగుతుంది, తడబడుతుంది. అది విను."

ఆమె పంపిన పియానో పాట ఫోనులో విన్నాను. అన్నం డబ్బా తెరిచి, తినడం మరిచి కూర్చున్నాను.

ఇది నాయినకు వినిపించాలనిపించింది. ఆయన వయసంతా మరమగ్గాల మధ్యే గడిచింది. ఇప్పుడు కోవిల్‌పట్టిలో నా దగ్గరే ఉంటాడు. అరిచి చెప్తేనే వినిపిస్తుంది. ఆయన చెవులకు హెడ్‌ఫోన్ పెట్టాను.

"ఇనిపిస్తాండాదా నాయినా?"

"ఇనిపిస్తాండాది పాపా. దుమ్ము దుమ్మని, మగ్గం మాదిరే ఉండాది."

"పైన సన్నంగా ఇంకోటి పోతాంది చూడు."

కళ్ళు మూసుకుని వెతికాడు. "లేదే."

విరుదునగర్‌లో చెవి డాక్టరుకు చూపించాను. సన్నని శబ్దాలు వినే శక్తి మగ్గాల రొదకు పోయిందని, మళ్ళీ రాదని అన్నాడు. చెవికి మెషిన్ పెడితే మాటలు కొంత తెలుస్తాయట. మరి సంగీతమో అంటే, ఇదేం అడుగుతోంది అన్నట్టు చూశాడు.

తిరుగు బస్సులో నాయిన అడిగాడు. "ఆ సన్నదాంట్లో ఏముండాది పాపా?"

మా ఇంటి తెలుగులో దానికి మాట దొరకలేదు. "ఎవురో ఎవురికోసమో కాచుకోనుండారు నాయినా!" అని అరిచాను. "వాళ్ళు రారు!"

"ఎవురు రారు?"

"తెలీదు!"

బస్సంతా మావైపు తిరిగింది. ముందు సీటామె నాకేదో కష్టం వచ్చిందనుకుని జాలిగా చూసింది. నాయిన మాత్రం, "పాపం," అన్నాడు.

ఇప్పుడు ఆదివారమైతే తనే హెడ్‌ఫోన్ అడుగుతాడు. ఆ దుమ్ము దుమ్ముకు తలాడిస్తూ, "బాగుండాది పాపా," అంటాడు. నాకోసమే అంటున్నాడని తెలుసు. వద్దని చెప్పలేను. పక్కన కూర్చుని సౌండు పెంచుతాను. కొంతవరకు పోయాక అదీ పెరగదు.